మ్యాక్, విండోస్, లైనక్స్ మూడింట్లోనూ తిరగాల్సిన పెన్‌డ్రైవ్: ఏ ఫార్మాట్ పెట్టాలి?

ఎడిట్‌టేబుల్ (సాలిగ్రామం, చెన్నై)

అందరికీ నమస్కారం. సాలిగ్రామంలో ఒక ఎడిటింగ్ రూమ్‌లో అసిస్టెంట్‌గా చేస్తున్నాను. మేం కొందరు తెలుగువాళ్లం కలిసి సొంతంగా షార్ట్ ఫిల్మ్ తీశాం, 20 నిమిషాలు ఉంటుంది. ఎడిటింగ్ మ్యాక్ మీద జరుగుతోంది. టైటిల్స్, గ్రాఫిక్స్ చేసే తమ్ముడు వేళచ్చేరిలో ఉంటాడు, అతనిది విండోస్ 10. వైర్లు చెరపడం, బ్యాక్‌గ్రౌండ్ మార్చడం లాంటి పనులు వడపళనిలో ఒక స్టూడియోలో తెలిసినవాళ్లు రాత్రిపూట చేసిపెడతామన్నారు. అక్కడన్నీ లైనక్స్ మెషీన్లే.

నా దగ్గర రెండు పెన్‌డ్రైవ్‌లున్నాయి. 128 జీబీది తమ్ముడు తన లాప్‌టాప్‌లో ఫార్మాట్ చేసి ఇచ్చాడు. మ్యాక్‌లో పెడితే ఫైళ్లు కనిపిస్తాయి, ప్లే అవుతాయి, కానీ ఏమీ పేస్ట్ చేయనివ్వదు, డిలీట్ చేయనివ్వదు. రెండోది పాతది, 32 జీబీ. అది అన్నింట్లోనూ పనిచేస్తుంది. కానీ 11 జీబీ ఎక్స్‌పోర్ట్ ఫైల్ వేయబోతే సైజు ఎక్కువంటుంది. లోపల 25 జీబీ దాకా ఖాళీ ఉంది మరి!

మూడు చోట్లా చదవాలి, రాయాలి. చివర్లో గూడూరులో ఇంటి టీవీలో మా వాళ్లకు చూపించాలని కూడా ఉంది. ఏ ఫార్మాట్ పెట్టమంటారు?

---

ఐటీకారిడార్ (షోలింగనల్లూరు)

రెండూ వేర్వేరు సమస్యలు బ్రో, డ్రైవ్‌లు పాడవలేదు.

128 జీబీది ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంది. అది విండోస్ సొంత ఫార్మాట్, 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చింది. మ్యాక్ దాన్ని చదువుతుంది కానీ దాని మీద రాయదు. రాయాలంటే విడిగా సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి, ఎక్కువగా డబ్బులు పెట్టి కొనేవే.

32 జీబీది ఫ్యాట్32. 1996 నాటిది కాబట్టి దాదాపు ప్రతి మెషీనూ దాన్ని గుర్తుపడుతుంది. కానీ అందులో ఒక్కో ఫైల్ సైజు రాసుకోవడానికి 32 బిట్ల చోటే ఉంది. అందుకే 4 జీబీకి ఒక్క బైట్ తక్కువ వరకే ఒక ఫైల్. డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా ఈ లిమిట్ మారదు.

ఎక్స్‌ఫ్యాట్ పెట్టేసెయ్. 2006లో మైక్రోసాఫ్ట్ ఇలాంటి ఫ్లాష్ డ్రైవ్‌ల కోసమే తెచ్చింది. 4 జీబీ అడ్డు లేదు, విండోస్, మ్యాక్ రెండూ చదువుతాయి, రాస్తాయి. మీ కెమెరా కార్డు 64 జీబీదైతే అది ఇప్పటికే ఎక్స్‌ఫ్యాట్‌లో ఉండి ఉంటుంది. 32 జీబీ దాటిన ఎస్‌డీ కార్డులకు ప్రమాణంగా పెట్టుకున్నది అదే.

---

అన్నానగర్ అక్క (అన్నా నగర్)

పెళ్లి వీడియోలు, ఫొటోల పని మాది. రోజూ మ్యాక్ నుంచి విండోస్‌కి, విండోస్ నుంచి మ్యాక్‌కి డ్రైవ్‌లు తిరుగుతూనే ఉంటాయి. ఎక్స్‌ఫ్యాట్ సరైన మాటే. అయితే మ్యాక్‌లో ఫార్మాట్ చేసేటప్పుడు ఒకటి చూసుకో తమ్ముడూ.

డిస్క్ యుటిలిటీ తెరిచి ముందు వ్యూ మెనూలో "షో ఆల్ డివైజెస్" నొక్కు. అప్పుడు ఎడమవైపు డ్రైవ్ పేరు పైన, దాని లోపలి వాల్యూమ్ కింద కనిపిస్తాయి. పైనున్న దాన్ని ఎంచుకుని ఎరేజ్ నొక్కితేనే "స్కీమ్" (డ్రైవ్‌లోని భాగాల పట్టిక రాసుకునే పద్ధతి) అని ఇంకో పెట్టె వస్తుంది. కంప్యూటర్ల మధ్య మాత్రమే తిరిగే డ్రైవ్‌కు జీయూఐడీ పెట్టినా పర్వాలేదు. టీవీ, కారు స్టీరియో లాంటి వాటిలోకీ వెళ్లేదైతే మాస్టర్ బూట్ రికార్డ్ పెట్టు. చాలా టీవీలు జీయూఐడీ పెట్టిన డ్రైవ్‌ను అసలు గుర్తుపట్టవు. ఫార్మాట్ ఏదో అందరూ అడుగుతారు, స్కీమ్ సంగతి ఎవరూ అడగరు. "ఫ్యాట్32యే పెట్టాం కదా, ఎందుకు రావట్లేదు" అని మా దగ్గరికి తెచ్చేవాటిలో చాలావాటి జబ్బు ఇదే.

ఇంకోటి. మ్యాక్‌లో కాపీ చేసిన ప్రతి ఫైల్ పక్కన చుక్కతో, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైల్ ఒకటి విండోస్‌లో కనిపిస్తుంది. వైరస్ అని భయపడొద్దు. మ్యాక్ తన అదనపు సమాచారాన్ని ఎక్స్‌ఫ్యాట్‌లో దాచుకునే చోటు లేక అలా విడి ఫైళ్లలో పెడుతుంది. విండోస్‌లో తీసేసినా నీ వీడియోకి ఏమీ కాదు.

---

ఎడిట్‌టేబుల్ (సాలిగ్రామం)

థాంక్స్ అక్కా, థాంక్స్ బ్రో. మ్యాక్, విండోస్ క్లియర్. లైనక్స్ గురించి ఎవరూ చెప్పలేదు, అక్కడా ఎక్స్‌ఫ్యాట్ నడుస్తుందా?

---

లైనక్స్‌బాబాయ్ (పెరంబూరు)

నడుస్తుందా లేదా అన్నది ఆ మెషీన్ వయసును బట్టి ఉంటుంది బాబూ. ఎక్స్‌ఫ్యాట్ స్పెసిఫికేషన్‌ను మైక్రోసాఫ్ట్ 2019 ఆగస్టులో బయటపెట్టింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన 5.4 కెర్నల్‌లో (కెర్నల్ అంటే లైనక్స్ మూల ప్రోగ్రామ్) మొదటి డ్రైవర్ చేరింది. 2020లో 5.7కి శామ్‌సంగ్ వాళ్లు ఇచ్చిన మంచి డ్రైవర్ దాని స్థానంలోకి వచ్చింది. ఆ తర్వాతి కెర్నల్ ఉన్న ఉబుంటులో అయితే పెన్‌డ్రైవ్ పెట్టగానే తెరుచుకుంటుంది.

నీ కేసులో నాకు అనుమానం ఉంది. వీఎఫ్‌ఎక్స్ (విజువల్ ఎఫెక్ట్స్) స్టూడియోల్లో చాలా ఏళ్లు సెంటోస్ 7 అనే పాత లైనక్స్ నడిచింది, ఇంకా నడిపేవాళ్లున్నారు. దాని కెర్నల్ 3.10, ఎక్స్‌ఫ్యాట్ దానికి తెలియదు. విడిగా ప్యాకేజీ ఎక్కించాలి, దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. రాత్రిపూట సాయం చేస్తున్న ఆర్టిస్టుల దగ్గర అది ఉండదు.

కాబట్టి ఫార్మాట్ చేసే ముందు ఆ స్టూడియోలో తెలిసినవాళ్లకు ఫోన్ చేసి టెర్మినల్‌లో "యూనేమ్ స్పేస్ మైనస్ ఆర్" కొట్టి ఏ నంబరు వస్తుందో చెప్పమను. డ్రైవ్ వెళ్లే మెషీన్లలో అన్నింటికన్నా పాతది ఏదో దాన్ని చూసి ఫార్మాట్ తేల్చాలి, కొత్తదాన్ని చూసి కాదు.

---

డేటాసెంటర్ (సిరుసేరి)

నేను ఎక్స్‌ఫ్యాట్‌కు ఓటు వేయను. మా టీమ్‌లో ఒక డ్రైవ్‌ను ఎవరో ఎజెక్ట్ చేయకుండా లాగేశారు, ఫోల్డర్ మొత్తం ఖాళీగా కనిపించింది. ఎక్స్‌ఫ్యాట్‌లో జర్నల్ (చేయబోయే మార్పులను ముందే రాసుకునే చిట్టా) లేదు. పైగా ఏ ఫైల్ ఎక్కడుందో చెప్పే పట్టిక ఫ్యాట్32లో రెండు కాపీలు ఉంటుంది, ఎక్స్‌ఫ్యాట్‌లో మామూలుగా ఒక్కటే. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉంచుకుని మ్యాక్‌కు ఆ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడం నయం. నెలల తరబడి చేసిన పని కదా అది.

---

లైనక్స్‌బాబాయ్ (పెరంబూరు)

మీ భయం సరైనదే సార్, కానీ మందు అది కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ జర్నల్ కాపాడేది ఫైల్ సిస్టమ్ నిర్మాణాన్ని. అప్పుడే రాస్తున్న ఫైల్ లోపలి డేటాకు అది హామీ ఇవ్వదు. లైనక్స్ వైపు చూస్తే, కెర్నల్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను బాగా రాయగల డ్రైవర్ చేరింది 2021లో, 5.15తో. విండోస్‌లో సరిగా తీయకుండా లాగిన డ్రైవ్‌ను ఆ డ్రైవర్ మౌంట్ చేయనంటుంది (తెరవనంటుంది), మళ్లీ విండోస్‌కి తీసుకెళ్లి చెక్ చేయించాలి. అర్ధరాత్రి వడపళనిలో విండోస్ మెషీన్ ఎక్కడ వెతుకుతాడు?

అసలు రక్షణ ఎజెక్ట్‌లో ఉంది. లైనక్స్‌లో కాపీ పట్టీ చివరిదాకా వచ్చినా డేటా ఇంకా కంప్యూటర్ మెమరీలోనే ఉండొచ్చు, డ్రైవ్‌కు మెల్లగా దిగుతుంది. అన్‌మౌంట్ నొక్కి, అది పూర్తయిందనే దాకా ఆగాలి. పెద్ద ఫైల్ అయితే నిమిషాలు పట్టొచ్చు. మ్యాక్‌లోనూ అంతే. విండోస్ 10లో 2018 తర్వాతి వెర్షన్లు మామూలుగా క్విక్ రిమూవల్‌లోనే (రాసినది మెమరీలో ఆపకుండా డ్రైవ్‌కు దింపే పద్ధతి) ఉంటాయి కాబట్టి రిస్క్ తక్కువ. అయినా అలవాటు ఒకటే ఉంటే మంచిది.

దీనికన్నా పెద్ద విషయం ఇంకోటుంది. పెన్‌డ్రైవ్ మోసుకెళ్లడానికి, దాచుకోవడానికి కాదు. అందులో ఉన్నది కాపీ మాత్రమే అయి ఉండాలి. అసలు ఫైల్ మ్యాక్‌లోనూ, ఇంకో హార్డ్‌డిస్క్‌లోనూ ఉండాలి. అలా ఉంటే జర్నల్ లేదన్న దిగులు అక్కర్లేదు.

---

రిచీస్ట్రీట్‌రవాణా (చింతాద్రిపేట)

ఫార్మాట్ కంటే ముందు డ్రైవ్ అసలుదో కాదో చూసుకోండి. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో అన్ని రకాలూ దొరుకుతాయి, నిఖార్సైనవీ ఉంటాయి, నకిలీవీ ఉంటాయి. నకిలీదాని లోపల చిప్ చిన్నది. కంట్రోలర్ మాత్రం 128 జీబీ అని అబద్ధం చెబుతుంది. ఫైళ్లు ఎక్కుతున్నట్టే కనిపిస్తాయి. అసలు సైజు దాటాక వేసినవి పాతవాటి మీద పడతాయి, లేదా గాలికి పోతాయి. ఫార్మాట్ చేస్తే ఎలాంటి తేడా కనిపించదు, ఎందుకంటే ఫార్మాట్ డ్రైవ్ చెప్పిన సైజునే నమ్ముతుంది.

విండోస్‌లో హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లైనక్స్‌లో ఎఫ్3 అనే ఉచిత టూల్స్ ఉన్నాయి. డ్రైవ్ నిండా రాసి, మళ్లీ చదివి సరిచూస్తాయి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. షాపువాడికి చెప్పి, బిల్లు తీసుకుని, ఈ టెస్ట్ అయ్యాకే అసలు పనికి వాడండి.

64 జీబీ కొంటే 59.6 చూపిస్తే మాత్రం అది మోసం కాదు. కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలుస్తాయి.

---

ఎడిట్‌టేబుల్ (సాలిగ్రామం)

బాబాయ్ గారూ, మీ అనుమానం నిజమైంది. వాళ్ల మెషీన్ 3.10తో మొదలయ్యే నంబరే చూపించింది. ఎక్స్‌ఫ్యాట్ ప్యాకేజీ లేదు, అడ్మిన్‌ను అడిగే పరిస్థితి కూడా లేదు. ఫ్యాట్32 అయితే తెరుచుకుంటోంది. కానీ నా ఫైల్ 11 జీబీ. ఇప్పుడేం చేయాలి? వచ్చే వారమే ప్రివ్యూ పెట్టుకున్నాం, టెన్షన్‌గా ఉంది.

---

లైనక్స్‌బాబాయ్ (పెరంబూరు)

కంగారు పడకు. ఫైల్‌ను ముక్కలు చేసి అక్కడ కలపవచ్చు, మ్యాక్‌లో స్ప్లిట్, లైనక్స్‌లో క్యాట్ అనే కమాండ్లు ఉన్నాయి. కానీ నీకు ఆ తిప్పలు కూడా అక్కర్లేదనుకుంటాను. వాళ్లు పనిచేసేది సినిమా మొత్తం మీద కాదు కదా, కొన్ని షాట్ల మీదే. ఆ షాట్లను మూవీ ఫైల్‌గా కాక ఫ్రేమ్‌లుగా, డీపీఎక్స్ సీక్వెన్స్‌గా ఎక్స్‌పోర్ట్ చెయ్. వీఎఫ్‌ఎక్స్ వాళ్లకు ఎలాగూ కావాల్సింది అదే. 1920×1080 సైజులో 10 బిట్ ఫ్రేమ్ ఒక్కోటి 8.3 ఎంబీ దాకా ఉంటుంది. 4 జీబీ అన్న ప్రశ్నే రాదు.

చోటు మాత్రం లెక్క వేసుకో. సెకనుకు 24 ఫ్రేమ్‌లంటే 200 ఎంబీ. అన్ని షాట్లూ కలిపి రెండున్నర నిమిషాలైతే 30 జీబీ. నీ 128 జీబీ డ్రైవ్‌లో హాయిగా పడుతుంది.

ఒక్కో షాట్‌కు ఒక్కో ఫోల్డర్ పెట్టు. ఫ్యాట్32లో ఒక ఫోల్డర్‌లో 65 వేల చిల్లర ఎంట్రీలే పడతాయి. పొడుగు పేరున్న ఫైల్ ఒక్కటే రెండు మూడు ఎంట్రీలు తినేస్తుంది. ముప్పై వేల ఫ్రేమ్‌లు ఒకేచోట కుమ్మరిస్తే మధ్యలో ఆగిపోవచ్చు.

---

వేళచ్చేరి గ్రాఫిక్స్ (వేళచ్చేరి)

ఆ విండోస్ తమ్ముడిని నేనే. 128 జీబీని ఫ్యాట్32 చేద్దామని చూశాను. రైట్ క్లిక్ చేసి ఫార్మాట్ తెరిస్తే ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ రెండే చూపిస్తోంది.

---

ఐటీకారిడార్ (షోలింగనల్లూరు)

ఆ అడ్డు విండోస్ ఫార్మాట్ టూల్ పెట్టుకున్నది, ఫ్యాట్32ది కాదు. 32 జీబీ దాటితే ఆ ఆప్షన్ చూపించదు. 2024లో విండోస్ 11 టెస్ట్ వెర్షన్లలో కమాండ్ లైన్‌కు ఆ పరిమితిని 2 టీబీకి పెంచారు, నీది 10 కాబట్టి అది వదిలెయ్. విండోస్‌లోనే చేయాలంటే రూఫస్ అనే ఉచిత టూల్ ఉంది. అన్న దగ్గర మ్యాక్ ఉంది కాబట్టి అదే తేలిక. డిస్క్ యుటిలిటీలో "ఎంఎస్-డాస్ ఫ్యాట్" అని ఉండేదే, 128 జీబీకి కూడా పెడుతుంది. స్కీమ్ అక్క చెప్పినట్టు మాస్టర్ బూట్ రికార్డ్.

---

అన్నానగర్ అక్క (అన్నా నగర్)

ఫార్మాట్ నొక్కే ముందు అందులో ఉన్నవి పక్కన కాపీ చేసుకోండి ఇద్దరూ. పేరు, సైజు మళ్లీ చదివి నొక్కండి. ఎడిటింగ్ మ్యాక్‌కు అప్పటికే రెండు మూడు డ్రైవ్‌లు తగిలించి ఉంటాయి, మిగతావన్నీ పీకేసి ఇదొక్కటే ఉంచి చేయడం మేలు.

---

కోడింగ్‌కోయంబేడు (కోయంబేడు)

సినిమా పని కాదు నాది, ప్రోగ్రామింగ్. ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకునేవాళ్లకు పనికొస్తుందని చెబుతున్నాను. విండోస్‌లో 32 జీబీ దాటిన డ్రైవ్‌కు ఎక్స్‌ఫ్యాట్ క్లస్టర్ (ఫైల్‌కు కేటాయించే అతి చిన్న చోటు) మామూలుగా 128 కేబీ. 2 కేబీ ఫైల్ వేసినా 128 కేబీ చోటు పోతుంది. చిన్నచిన్న ఫైళ్లు 40 వేలుంటే అసలు డేటా 80 ఎంబీయే, డ్రైవ్‌లో మాత్రం 5 జీబీ దాకా ఆక్రమిస్తాయి. అన్నిటినీ ఒక జిప్‌గానో టార్‌గానో కట్టి వేయండి, కాపీ కూడా చాలా తొందరగా అవుతుంది. లైనక్స్ ప్రాజెక్టులైతే టార్ తప్పనిసరి. ఫైల్ పర్మిషన్లు, సింబాలిక్ లింకులు ఎక్స్‌ఫ్యాట్‌లో నిలవవు.

పేర్ల విషయం కూడా. కోలన్, ప్రశ్న గుర్తు, స్టార్ ఉన్న పేర్లు లైనక్స్‌లో చెల్లుతాయి, ఎక్స్‌ఫ్యాట్‌లో చెల్లవు. తెలుగు పేర్లు పెట్టేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఎక్స్‌ఫ్యాట్ పేరును 255 అక్షర సంకేతాల దాకా ఒప్పుకుంటుంది. లైనక్స్ సొంత ఫార్మాట్ ఈఎక్స్‌టీ4 లెక్క 255 బైట్లు. తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు, గుణింతం గుర్తులూ పొల్లూ విడివిడిగా లెక్కకొస్తాయి. అంటే 85తో అయిపోతుంది. పొడుగాటి తెలుగు పేరున్న ఫైల్ పెన్‌డ్రైవ్‌లో బాగానే ఉండి, లైనక్స్ మెషీన్‌లోకి కాపీ కాకపోతే కారణం ఇదే కావొచ్చు.

---

ఎడిట్‌టేబుల్ (సాలిగ్రామం)

డీపీఎక్స్ సీక్వెన్స్‌లు ఫ్యాట్32లో వేసి ఇచ్చాను. వాళ్ల మెషీన్‌లో తెరుచుకున్నాయి, పని మొదలుపెట్టారు! బాబాయ్ గారికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. వేళచ్చేరికి పెద్ద ఫైళ్లు పంపడానికి ఇంకో డ్రైవ్ కొని ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకుంటాను.

ఒక సందేహం. కాపీ సరిగ్గా అయ్యిందని ఎలా తెలుస్తుంది? సైజు ఒకటే ఉంటే చాలా? ఇంకోటి, ప్రివ్యూ థియేటర్‌వాళ్లు డీసీపీ (థియేటర్‌లో వేసే డిజిటల్ సినిమా ప్యాకేజీ) తెమ్మన్నారు, అదీ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వొచ్చా?

---

లైనక్స్‌బాబాయ్ (పెరంబూరు)

సైజు ఒకటే అయినంత మాత్రాన చాలదు. ఎక్స్‌ఫ్యాట్‌గానీ ఫ్యాట్32గానీ లోపలి డేటా చెడిందేమో చూడవు. ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైల్ డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి అక్షరాల వరుస) తీసి పోల్చు. లైనక్స్‌లో "ఎస్‌హెచ్‌ఏ256సమ్", మ్యాక్‌లో "ఎస్‌హెచ్‌ఏసమ్", విండోస్‌లో "సర్ట్‌యుటిల్" కమాండ్ ఉన్నాయి, చివరి రెండింటికీ 256 కావాలని విడిగా చెప్పాలి. రెండు చోట్లా ఒకే వరుస వస్తే ఫైల్ ఒక్క బిట్ కూడా మారలేదన్నమాట. డ్రైవ్‌ను ఒకసారి తీసి మళ్లీ పెట్టాకే లెక్క తీయి. లేకపోతే కంప్యూటర్ తన మెమరీలో ఉన్న కాపీనే చదివి సరిగ్గా ఉందని చెప్పే అవకాశం ఉంది.

డీసీపీ సంగతి వేరు. థియేటర్ సర్వర్లు లైనక్స్ మీద నడుస్తాయి. వాటికి ఇచ్చే డ్రైవ్‌ను ఈఎక్స్‌టీ2 లేదా ఈఎక్స్‌టీ3లో, మాస్టర్ బూట్ రికార్డ్‌తో, ఒకే పార్టిషన్‌తో చేయడం ఆనవాయితీ. ఐనోడ్ (ఒక్కో ఫైల్ వివరాలు ఉంచే రికార్డు) సైజు 128 బైట్లు పెట్టాలి. ఇప్పటి లైనక్స్ టూల్స్ మామూలుగా 256 పెడతాయి, పాత సర్వర్లు కొన్ని దాన్ని చదవవు. ఫార్మాట్ కమాండ్‌లో పెద్ద ఐ పక్కన 128 అని ఇవ్వాలి. కొన్ని సర్వర్లు ఎన్‌టీఎఫ్‌ఎస్ కూడా తీసుకుంటాయి. ప్రొజెక్షన్ రూమ్ ఆపరేటర్‌ను ముందే అడుగు, యూఎస్‌బీ తీసుకుంటారో లేదో కూడా. వీలైతే ఒక రోజు ముందు వెళ్లి సర్వర్‌లోకి ఎక్కించి చూడు.

డీసీపీ డ్రైవ్ నాతో చేయించుకోవాలంటే ఆదివారం పెరంబూరు రా. నా మెషీన్ లైనక్సే.

---

అన్నానగర్ అక్క (అన్నా నగర్)

గూడూరు టీవీ సంగతి మర్చిపోయారు అందరూ. ఫ్యాట్32, మాస్టర్ బూట్ రికార్డ్, హెచ్264 ఎంపీ4. 20 నిమిషాల సినిమాను 20 ఎంబీపీఎస్‌లో ఎక్స్‌పోర్ట్ చేస్తే 3 జీబీ అవుతుంది, 4 లోపే. నీ పాత 32 జీబీ డ్రైవ్ దానికి చాలు. చుక్క, అండర్‌స్కోర్ ఫైళ్లు తీసేసి ఇవ్వు, లేకపోతే టీవీలో ప్లే కాని ఫైల్ ఒకటి పైన కనిపించి, అదే సినిమా అనుకుని మీ అమ్మవాళ్లు కంగారు పడతారు.

---

తాంబరం టు తిరుపతి (తాంబరం)

ఈ చర్చ ఇప్పుడే చూశాను, నాదీ అలాంటిదే. ఆఫీసు స్నేహితుడు మ్యాక్‌లో ఫొటోలు వేసి ఇచ్చిన డ్రైవ్‌ను నా విండోస్ లాప్‌టాప్‌లో పెడితే "వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని పెట్టె వస్తోంది. ఓకే నొక్కితే ఫొటోలు ఉంటాయా?

---

ఐటీకారిడార్ (షోలింగనల్లూరు)

నొక్కొద్దండీ, క్యాన్సిల్ చేయండి. ఆ డ్రైవ్ ఏపీఎఫ్‌ఎస్‌లోనో హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌లోనో ఉండొచ్చు. రెండూ ఆపిల్ ఫార్మాట్లే, విండోస్‌కు తెలియవు. తనకు తెలియని ఫార్మాట్ కనిపిస్తే విండోస్ అలాగే అడుగుతుంది. మళ్లీ మ్యాక్‌లో పెట్టి ఫొటోలు కనిపిస్తున్నాయో లేదో చూడమనండి. కనిపిస్తే వాటిని మ్యాక్‌లోకి కాపీ చేసుకుని, డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ చేసి మళ్లీ వేయించుకోండి. మ్యాక్‌లోనూ కనిపించకపోతే ఆ డ్రైవ్ మీద ఇంకేమీ రాయకుండా పక్కన పెట్టి ఇక్కడే చెప్పండి. టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్ అనే ఉచిత టూల్స్‌తో ప్రయత్నించవచ్చు, ఎలాగో చెబుతాను.

---

తాంబరం టు తిరుపతి (తాంబరం)

మ్యాక్‌లో అన్నీ ఉన్నాయట. ఎక్స్‌ఫ్యాట్ చేసి సోమవారం ఇస్తానన్నాడు. థాంక్స్ అండీ.